డిజైను మనది, తాళంచెవి ఎవరిది?

(వార్షికోత్సవ సభలో కాంచీపురం చేనేత సహకార సంఘం కార్యదర్శి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డిజైన్ల గురించి నాలుగు మాటలు చెప్పమని సమాఖ్యవాళ్ళు మమ్మల్ని అడిగారు. మేము ఎనిమిదో తరగతి దాకా చదివినవాళ్ళం. కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మ గీయడం మాకు చేతకాదు. కానీ సంఘంలో జమాఖర్చు రాసేది మేమే, గీసే పిల్లలకు కూలి ఇచ్చేది మేమే, వాళ్ళ గొడవలు వినేదీ మేమే. ఈమధ్య ఆ గొడవల్లో పెద్దది ఏమిటంటే, ఏ సాఫ్ట్‌వేర్లో గీయాలి అని. నవ్వకండి. మీ ఇళ్ళల్లో కూడా ఒక పిల్లో పిల్లాడో డిజైనింగు కోర్సు చదువుతూనే ఉంటారు. ఇవాళ మాకొచ్చిన గొడవ రేపు మీ గుమ్మంలోకి వస్తుంది.

ముందు పెద్దవాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్తాం. మన తాతలు గ్రాఫు కాగితం మీద గడులు నింపేవాళ్ళు. ఒక గడి అంటే ఒక హుక్కు. అడ్డంగా ఒక వరస అంటే ఒక పేక, ఒక అట్ట. నిండిన గడి దగ్గర అట్టకు బెజ్జం పడుతుంది, ఖాళీ గడి దగ్గర పడదు. 400 హుక్కుల జాకార్డు అయితే 400 గడుల వెడల్పు. కంప్యూటరు వచ్చి దీంట్లో కొత్తగా చేసిందేమీ లేదు. గడిని పిక్సెల్ అంది, అంతే. ఇంకో మాట చెప్పాలి. ఫ్రాన్సు దేశంలో లియోన్ పట్నం మనలాగే పట్టు నేసే ఊరు. అక్కడ జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో ఈ అట్టల యంత్రం తెచ్చాడు. ఆ అట్టల ఆలోచననే తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. కాబట్టి కంప్యూటరు దగ్గర మనం చేతులు కట్టుకుని నిలబడాల్సిన పనిలేదు. మన మగ్గం దగ్గర అదే అప్పు తీసుకుంది.

ఇప్పుడు మా సంఘంలో గీసే పిల్లలు నలుగురు. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, కంప్యూటర్లో ఇంగ్లీషు. అందరూ మగ్గం ఇళ్ళ పిల్లలే. వాళ్ళలో ఇద్దరికి ఫోటోషాప్ అంటే ప్రాణం. అది 1990లో బయటికొచ్చింది. అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేస్తే అడోబ్ కంపెనీ అమ్మింది. ఇవాళ ఏ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళినా మొదట నేర్పేది అదే, ఏ ఉద్యోగానికి వెళ్ళినా మొదట అడిగేది అదే. పిల్లల చేయి దానికి అలవాటు పడిపోయింది. మనకు మన నాడె బరువు ఎట్లా తెలుసో, వాళ్ళకు దాని బటన్లు అట్లా తెలుసు. చూసుకోకుండా నొక్కుతారు.

దాని గొప్ప మేము కాదనం. ఒక అంచు గీసి, అదే అంచును అరక్కు రంగు మీద, ఆకుపచ్చ మీద, సుబ్బులక్ష్మిగారి పేరు మీద నిలిచిన ఎం.ఎస్. బ్లూ మీద పది నిమిషాల్లో చూపిస్తారు. పట్టుకు రంగు వేయకముందే కొనేవాళ్ళు ఇది బావుంది, అది బాలేదు అని చెప్పేస్తారు. వెనకటికి ఇది తెలియాలంటే ఒక వార్పు ఖర్చు అయ్యేది. పాత చీర ఫోటో తీసి, దాంట్లోంచి గండభేరుండాన్ని ఒక్కదాన్ని తీసి పక్కన పెట్టడం, చిరిగిన చోట పూడ్చడం, ఇవన్నీ దాంట్లో బాగా వస్తాయి.

మరి అదే పిల్లలు దాన్ని తిట్టేది కూడా వింటాం. అది ఫోటోల కోసం పుట్టిన వస్తువు, నేత కోసం కాదు. గీత గీస్తే అంచులు మెత్తగా కనపడాలని నలుపుకూ తెలుపుకూ మధ్య బూడిద రంగు గడులు తనంతట తానే పెడుతుంది. కంటికి బాగుంటుంది. కానీ నేతలో సగం లేచిన పోగు ఉండదు కదండీ. లేస్తే లేచినట్టు, లేకపోతే లేనట్టు. అందుకని చివర్లో రెండే రంగుల్లోకి దించి, భూతద్దం పెట్టినట్టు పెద్దది చేసుకుని, ఒక్కో గడీ మళ్ళీ చేత్తో సరిచేయాలి. జరీ పోగు చాలా దూరం కట్టు లేకుండా తేలిపోతుంటే, అది ఉంగరానికి తగులుకుంటుంది అని ఫోటోషాప్ చెప్పదు. మగ్గం ఎరిగినవాడే చెప్పాలి. ఇట్లాంటివాటి కోసం నేతకే తయారుచేసిన సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి, చాలా ఖరీదు.

అసలు పేచీ డబ్బు దగ్గర మొదలైంది. వెనకటికి ఫోటోషాప్ డబ్బా కొంటే అది మన సొంతం. పదేళ్ళు వాడుకున్నా అడిగేవాడు లేడు. 2013లో ఆ కంపెనీ పద్ధతి మార్చేసింది. ఇక అమ్మేది లేదు, అద్దెకే అంది. 2012లో వచ్చిన సి.ఎస్.6 అనేదే డబ్బు పడేసి సొంతం చేసుకోగలిగిన ఆఖరిది. నెలనెలా కడితేనే తెరుచుకుంటుంది, కట్టడం మానేస్తే మూసుకుంటుంది.

ఈ సంగతి మాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. మన కుటుంబాలకు షావుకారు మగ్గం తెలుసు. మగ్గం ఆయనదే, పట్టు ఆయనదే, జరీ ఆయనదే. మన ఇంట్లోనే ఉంటుంది, మన చేతులే ఆడతాయి. ఆయనకు కోపం వస్తే మర్నాడు మనిషిని పంపి మగ్గం విప్పుకుపోతాడు. దాంట్లోంచి బయటపడడానికే కదా మన పెద్దలు సహకార సంఘాలు పెట్టుకున్నది. అయితే ఒకటి నిజం చెప్పుకోవాలి. షావుకారు దగ్గరికి ఎవరూ బలవంతంగా పోలేదు. పెళ్ళికి చేబదులు ఇచ్చేవాడు, మంచి పట్టు ఇచ్చేవాడు, శనివారం కూలి శనివారమే ఇచ్చేవాడు. అందుకే పోయారు. మా పిల్లలకు ఫోటోషాప్ మీద ఉన్నది సరిగ్గా ఈ భావమే. తిడతారు, వదల్లేరు. మేము వాళ్ళను తప్పుపట్టం.

రంగుల సంగతి ఒకటి విన్నప్పుడు మాత్రం మాకు ఒళ్ళు మండింది. పాంటోన్ అని రంగులకు నెంబర్లు ఇచ్చే కంపెనీ ఒకటి ఉంది. పెద్ద ఎగుమతివాళ్ళు ఆ నెంబరు చెప్పే రంగు అడుగుతారు. 2022 చివర్లో ఆ కంపెనీకీ అడోబ్‌కూ లెక్క కుదరక, ఆ రంగుల పుస్తకాలు ఫోటోషాప్‌లోంచి తీసేశారు. విడిగా డబ్బు కట్టనివాళ్ళు పాత ఫైలు తెరిస్తే ఆ రంగులున్న చోట నల్లగా కనపడింది. మనం వేసుకున్న రంగు, మన ఫైలు, తెరిస్తే నలుపు! మన రంగులవాళ్ళు నెంబరు లేకుండా కంటితో, నీళ్ళతో, అనుభవంతో మూడు తరాలు అదే అరక్కు రంగు దించుతున్నారు. ఆ అరక్కు రంగును ఎవడూ వచ్చి నల్లగా చేయలేడు.

ఇంకోటి, 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వమే అడోబ్ మీద కోర్టుకెళ్ళింది. ఏడాది ఒప్పందంలో చేరి మధ్యలో మానుకుంటే పెద్ద రుసుము పడుతుందని సరిగా కనపడేట్టు చెప్పలేదని ఫిర్యాదు. అదే నెలలో షరతుల కాగితం మార్చితే, మా బొమ్మలన్నీ వాళ్ళు చూసేసి వాళ్ళ యంత్రానికి నేర్పిస్తారేమో అని ప్రపంచమంతా డిజైనర్లు గోల చేశారు. అట్లా నేర్పించం అని కంపెనీ వివరణ ఇచ్చింది. ఇచ్చిందని ఒప్పుకుంటాం. కానీ ఆ భయం పుట్టడమే చూడండి, అద్దె ఇంట్లో ఉన్నవాడికి పుట్టే భయం అది.

దొంగ కాపీ సంగతి ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టి మేమే మాట్లాడతాం. మన ఊళ్ళల్లో పెళ్ళి కార్డులు వేసే షాపుల్లో, ఫ్లెక్సీలు వేసే షాపుల్లో ఉన్నవి ఎక్కువ దొంగ కాపీలే. పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. "ఎందుకు మామా అద్దె, ఫ్రెండు దగ్గర పెన్ డ్రైవులో ఉంది" అంటారు. సంఘం అంటే రిజిస్టరైన సంస్థ. ఏటా ఆడిట్ ఉంటుంది. అదీకాక మన చీరను పవర్‌లూమ్ మీద దించి అమ్మితే దొంగతనం అని ఊరంతా అరుస్తాం, వాళ్ళ సరుకు మాత్రం ఊరికే వాడుకుంటామా? ఇది కుదరదని చెప్పేశాం. అప్పుడు మొదలైంది వేరే వాటి వెతుకులాట.

జింప్ అని ఒకటి ఉంది. 1990లలో అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో చదువుకునే కుర్రాళ్ళు ఇద్దరు మొదలుపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి లెక్క కూడా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. రెండు రంగుల్లోకి దించడం, గడి గడిగా పెన్సిలుతో నింపడం దాంట్లో చక్కగా వస్తాయి. మన గ్రాఫు పనికి అంతకంటే పెద్దగా అక్కర్లేదు. కానీ పిల్లల మొహాలు చూడాలి! "బటన్లన్నీ ఎక్కడెక్కడో ఉన్నాయి మామా" అంటారు. కుడిచేతి వాటం మనిషిని ఎడమ వైపు కూర్చోబెట్టి కోర్వై నేయమన్నట్టు. పైగా అది నెమ్మది. 2018లో ఒక పెద్ద మార్పు వస్తే, తర్వాతి పెద్దది 2025లో వచ్చింది. జీతం లేకుండా ఇష్టంగా పనిచేసేవాళ్ళు నడిపేది కదా, అట్లాగే ఉంటుంది. మన సంఘం కమిటీ మీటింగులు తెలిసినవాళ్ళెవరూ వాళ్ళను తప్పుపట్టకూడదు.

మా సంఘం అమ్మాయి ఒకతె ఇంకో మాట చెప్పింది, అది మాకు గుచ్చుకుంది. "జింప్‌లో గీస్తానని బయట చెప్తే, ఫోటోషాప్ కొనలేనిదనుకుంటారు" అంది. చూశారా, సాఫ్ట్‌వేర్లో కూడా కులం వచ్చింది.

అఫినిటీ అని ఒక ఇంగ్లండు కంపెనీది ఉండేది. ఒకసారి కొంటే చాలు అన్నారు కాబట్టి, అద్దె మీద కోపం ఉన్నవాళ్ళందరూ అటు వెళ్ళారు. 2024లో దాన్ని ఆస్ట్రేలియా కంపెనీ కాన్వా కొనేసింది. 2025 అక్టోబరులో ఉచితం అని ప్రకటించారు. మా పిల్లలు సంతోషించారా అంటే సగమే. ఇవాళ ఉచితం, రేపు ఏమంటారో అంటారు. పాపం, ఒకసారి కాలినవాళ్ళు.

నేతకోసమే చేసినవి రెండు మాకు బాగా పనికొచ్చాయి. ఒకటి అరాపెయింట్. యూరప్‌లో స్లొవేనియా అనే చిన్న దేశంలో నేత సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీవాళ్ళది, వాళ్ళ పెద్ద సరుకు ఖరీదైనా ఇది ఒక్కటి ఉచితంగా ఇస్తున్నారు. రెండోది మన దేశానిదే, డిజి బునాయి. కేంద్ర ప్రభుత్వ ఐ.టి. శాఖ కింద ఉన్న సంస్థ చేయించింది, జాకార్డుకూ డాబీకీ, లోపలి లెక్క కూడా అందరికీ తెరిచి పెట్టింది. దాని పేరు విన్నప్పుడే మాకు ఇష్టం కలిగింది. సేలంలో హ్యాండ్లూమ్ టెక్నాలజీ చదివొచ్చిన కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు. హుక్కు, పేక, అంచు, కొంగు అని మన లెక్కలోనే అడుగుతుంది, అది సుఖం. రంగుల అందం, బొమ్మ సొగసు దగ్గర ఫోటోషాప్‌కు సరిరాదని మాత్రం ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు.

ఇంత పట్టుదల మాకు ఎందుకొచ్చిందో చెప్పాలి. మా ఊళ్ళో ఒక డిజైన్ షాపు ఉండేది, పేరు అక్కర్లేదు. మేము గ్రాఫు ఇస్తే వాళ్ళు కంప్యూటర్లో ఎక్కించి అట్టలు కొట్టించి ఇచ్చేవాళ్ళు. ఫైలు ఇవ్వమని మేము అడిగిన ప్రతిసారీ "మా దగ్గరే భద్రంగా ఉంటుంది సార్" అనేవాళ్ళు. ఒక రోజు షాపు మూసేసి ఊరు మారిపోయారు. తిరగ్గా తిరగ్గా ఒక పెన్ డ్రైవ్ చేతిలో పెట్టారు. దాంట్లో మా డిజైన్లు 42 ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ ఫైళ్ళు ఒక ఖరీదైన నేత సాఫ్ట్‌వేర్ సొంత పద్ధతిలో ఉన్నాయి. దానికి బొటనవేలంత తాళం పరికరం ఒకటి కంప్యూటరుకు గుచ్చితేనే తెరుస్తుంది. ఆ తాళం వాళ్ళు ఎవరికో అమ్ముకున్నారు.

42 డిజైన్లంటే మా సంఘం ముప్పై ఏళ్ళ పని. దాంట్లో 17 మా పాత డిజైనరుగారి ఇంట్లో రేకు పెట్టెలో గ్రాఫుల మీద ఉన్నాయి. ఆయన భార్య దాచింది, పుణ్యాత్మురాలు. మిగతావి అట్టల నుంచి వెనక్కి చదివాం. వినడానికి సులువు. ఒక ఆడమనిషి అట్టను వెలుతురుకు పట్టుకుని "బెజ్జం, బెజ్జం, ఖాళీ, బెజ్జం" అని చదువుతుంటే, అమ్మాయి కంప్యూటర్లో గడి నింపుతుంది. వంద అట్టలు అయ్యేసరికి ఇద్దరికీ కళ్ళు తిరుగుతాయి. అన్నపక్షి అంచు ఒకదానికి ఎలుకలు అట్టలు కొట్టేశాయి. ఆ అంచు ఉన్న చీర ఏ ఇంట్లో ఉందో వెతికి, ఒకావిడ తన పెళ్ళి చీర ఇస్తే, భూతద్దంతో పోగులు లెక్కపెట్టి పక్షి తోక పూర్తి చేశారు. నాలుగు నెలలు పట్టింది. ఈ పనంతా జింప్‌లోనే జరిగింది. జింప్‌ను ఈసడించిన అమ్మాయే చేసింది. ఇప్పటికీ దాన్ని తిడుతూనే ఉంటుంది, అది వేరే విషయం.

తాళం బాధ మనకు కొత్తది కూడా కాదు. పాత సంచికల వ్యాసాలు అను ఫాంటులో టైపు చేసినవి ఉన్నాయి చూడండి, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కాస్తా పిచ్చి గీతలవుతుంది. అక్షరానికి ఏ గతి పట్టిందో బుటాకూ అదే గతి.

అప్పట్నుంచి మేము పద్ధతి మార్చాం. పిల్లలు ఏ సాఫ్ట్‌వేర్లో గీస్తారనేది వాళ్ళిష్టం, దాని మీద పంచాయితీ లేదు. కాటలాగు, రంగుల పనికని ఒక్క ఫోటోషాప్‌కు సంఘమే అద్దె కడుతోంది, రసీదుతో. కానీ పని పూర్తయ్యాక సంఘానికి అప్పగించేది మాత్రం ఒక గడికి ఒక హుక్కు లెక్కన మామూలు బి.ఎం.పి. ఫైలు. అది ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది, ఎలక్ట్రానిక్ జాకార్డుకూ పనికొస్తుంది. దాంతోపాటు ఒక కాగితం ప్రింటు, దాని కింద హుక్కులెన్ని, అచ్చు ఎంత, అంగుళానికి పేకలెన్ని, ఏ రంగు ఎవరు వేశారు, ఎవరు గీశారు అని చేత్తో రాసి ఉండాలి. రెండూ అందాకే కూలి. మొదట్లో గొణిగారు. ఇప్పుడు తమ పేరు రాస్తున్నాం కాబట్టి వాళ్ళే ముందుగా తెస్తున్నారు.

సేలం కుర్రాడు ఒక ప్రశ్న అడిగాడు, దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. "సాఫ్ట్‌వేర్ అందరిదీ కావాలంటారు, డిజైను మాత్రం మనదే అంటారు. ఇదేం న్యాయం మామా?" అని. ఫైలు తెరిచి పెడితే పెన్ డ్రైవ్ ఎక్కి వారంలో పవర్‌లూమ్ మీద దిగుతుంది, అది మనం చూస్తూనే ఉన్నాం. కొత్త డిజైనును 2000 సంవత్సరం డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేసుకుంటే పదేళ్ళు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్ళు హక్కు ఉంటుంది. కానీ గోపురం, రుద్రాక్ష, నెమలి కన్ను ఎవరి పేరు మీద రిజిస్టరు చేస్తాం? అవి అందరివీ. బరంపురంవాళ్ళ అంచులోని కుంభమైనా అంతే. ఫ్రాన్సువాళ్ళు ఆ రోజుల్లో ఏం చేశారంటే, జాకార్డు యంత్రాన్ని ప్రజల ఆస్తిగా చేసి, కనిపెట్టినాయనకు పింఛను ఇచ్చారు. వస్తువు అందరికీ, చేసినవాడికి అన్నం. మన దగ్గర పాత మోటిఫులు అందరికీ తెరిచిపెట్టి, కొత్తవి గీసిన పిల్లలకు ప్రతి వార్పుకూ ఇంత అని ఇవ్వగలమా? మా కమిటీలో సగంమంది ఊఁ అన్నారు, సగంమంది డబ్బెక్కడిది అన్నారు. షోలాపూర్‌వాళ్ళు దుప్పట్ల డిజైన్ల విషయంలో ఎట్లా చేస్తున్నారో మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్తే మేము రాసుకుపోతాం.

ఒక మనవి చేసి ముగిస్తాం. మీ ఇళ్ళల్లో అటక మీదా, రేకు పెట్టెల్లోనూ పాత గ్రాఫులుంటాయి. చెదపట్టినవైనా, సగం చిరిగినవైనా పారేయకండి. మీ దగ్గర స్కానరు లేకపోతే వెడల్పుగా పరిచి, పగటి వెలుతురులో, ఫోను నిలువుగా పట్టుకోకుండా పైనుంచి తిన్నగా ఫోటో తీయండి. గీసినవారి పేరు తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి వెనక రాయండి. ఆ పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. మా అమ్మాయిలిద్దరు హాలు బయట బల్ల వేసుకుని కూర్చున్నారు. సాయంత్రం ఐదింటిదాకా ఉంటారు. అట్టలు వెనక్కి ఎట్లా చదవాలో చూపిస్తారు. ఒక పది అట్టలు చదివి చూడండి. టీ మా సంఘం ఖర్చు.